నేచురల్ కదా, ఏం కాదు

మొహానికి నూనె రాసుకోమని సలహా ఇచ్చేవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాటతో ముగిస్తారు: "నేచురల్ కదా, ఏం కాదు." ఆ నూనె బాదం నూనె కావొచ్చు, కొబ్బరి నూనె కావొచ్చు, ఈమధ్య బజారులోకి వచ్చిన ఆర్గాన్, జొజోబా, రోజ్‌హిప్ కావొచ్చు. చెప్పేది అమ్మమ్మ కావొచ్చు, ఆఫీసులో పక్క సీటు అమ్మాయి కావొచ్చు, మూడు నిమిషాల వీడియోలో నవ్వుతూ కనిపించే ఎవరో కావొచ్చు. చివరి మాట మాత్రం మారదు. అందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది వర్ణన: ఇది ప్రకృతి నుంచి వచ్చింది. రెండోది హామీ: నీకేం కాదు. రెంటి మధ్యా పైకి అనని ఒక "కాబట్టి" ఉంది. చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ అది స్పష్టంగానే వినిపిస్తుంది.

ఏ నూనె ఏ చర్మానికి పడుతుందన్నది చర్మవైద్యులు తేల్చాల్సిన విషయం. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. ఇంకొకరి మొహం గురించి మనం ఇంత ధీమాగా హామీ ఇచ్చినప్పుడు, ఆ హామీ తప్పితే భారం ఎవరిమీద పడుతుంది?

ముందు ఆ మాట సంగతి చూద్దాం. నేచురల్ అన్నదాన్ని తెలుగులో సహజం అంటున్నాం. సహజం అంటే కూడా పుట్టినది. కర్ణుడివి సహజ కవచకుండలాలు అంటాం. అవి చెట్టుకి కాశాయనో, వాటిలో రసాయనాలు లేవనో కాదు, అతనితో పాటే పుట్టాయి కనుక. ఈ లెక్కన మన మొహానికి సహజమైన నూనె ఒక్కటే ఉంది. చర్మంలోని తైలగ్రంథులు తయారుచేసే సీబం అది. అందులో ట్రైగ్లిసరైడ్లు, మైనం లాంటి పదార్థాలు, సుమారు 12 శాతం స్క్వాలీన్ ఉంటాయి. పదిహేనేళ్ళ వయసులో హార్మోన్ల వల్ల ఆ గ్రంథులు విజృంభించడం సహజం. ఆ నూనె రంధ్రాల్లో చిక్కుకుని మొటిమ కావడం కూడా అంతే సహజం. బాదం నూనె బాదం గింజకి సహజం. మొలకెత్తబోయే మొక్కకి తల్లిచెట్టు కట్టి ఇచ్చిన సద్దిమూట అది. మన బుగ్గని దృష్టిలో పెట్టుకుని ఏ చెట్టూ నూనె తయారుచెయ్యలేదు.

జాన్ స్టువర్ట్ మిల్ రాసిన 'ప్రకృతి' అనే వ్యాసం ఆయన చనిపోయాక 1874లో అచ్చయింది. ప్రకృతి అన్న మాటకి రెండు అర్థాలున్నాయని అందులో వాదిస్తాడు. ఒకటి, జగత్తులో ఉన్నదీ జరిగేదీ మొత్తం. రెండోది, మనిషి చెయ్యి పడకుండా జరిగేది. మొదటి అర్థం తీసుకుంటే ప్రకృతిని అనుసరించు అని చెప్పడంలో పస లేదు, అనుసరించక చేసేదేమీ లేదు కనుక. పెట్రోలియం జెల్లీ కూడా ఆ ప్రకృతిలోదే. రెండో అర్థం తీసుకుంటే ఆ ఉపదేశం పాటించదగ్గది కాదు, మనిషి చేసే ప్రతి మంచి పనీ ప్రకృతి మీద చెయ్యి వెయ్యడమే కనుక. నూనె సీసాల మీద ఈ మాట ఇప్పటికీ రెండు అర్థాల మధ్య ఊగుతూ ఉంటుంది. గింజని నూరి, పిండి, వడగట్టి, ఒక్కోసారి రంగూ వాసనా తీసేసి, పరిమళం కలిపి సీసాకెత్తాక దాన్ని మనిషి చెయ్యి పడనిది అనడం కష్టం.

చెయ్యి పడకపోతే మంచిదా అంటే, ఆముదం గింజనే తీసుకోండి. ఆముదం తెలంగాణ మెట్ట నేలలకి పాత పంట. ఆ నూనె లేకుండా లిప్‌స్టిక్ పరిశ్రమ నడవడం కష్టం. అదే గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది. అది నూనెలోకి రాకుండా పిండిలోనే ఉండిపోవడం వల్ల, మిగిలినదేదైనా వేడికి చెడిపోవడం వల్ల, ఆముదం మన ఇంట్లోకి వచ్చింది. వేపలో ఉండే అజాడిరక్టిన్ పురుగుని ఎదుగనివ్వదు. వేప దాన్ని తన రక్షణ కోసం చేసుకుంది. అదే వేపనూనె చిన్నపిల్లల కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మొక్కలకి పరుగెత్తడానికి కాళ్ళు లేవు. అందుకే అవి రసాయనశాస్త్రం నేర్చుకున్నాయి.

ఇవన్నీ నూనెలకి వ్యతిరేకంగా చెప్పడం లేదు. నూనెలు పని చేస్తాయి. ఎంత బాగా చేస్తాయో చెప్పడానికి ఢాకా పిల్లల ఆసుపత్రిలో జరిగిన ఒక పరిశోధన చాలు. 33 వారాలు నిండకుండా పుట్టిన పిల్లల చర్మం పల్చగా ఉంటుంది, సూక్ష్మజీవులు సులువుగా లోపలికి వెళ్ళిపోతాయి. అలాంటి పిల్లలకి పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో 'లాన్సెట్' పత్రికలో ఆ పరిశోధకులు ప్రకటించారు. మూడేళ్ళ తర్వాత అదే పరిశోధన నుంచి మరణాల లెక్క వచ్చింది. నూనె రాసిన పిల్లల్లో మరణాలు 26 శాతం తగ్గాయి. ఇంకో గుంపు పిల్లలకి పెట్రోలియం నుంచి తీసిన పదార్థంతో చేసిన లేపనం రాశారు. వాళ్ళలో 32 శాతం తగ్గాయి. ఒకటి పొలం నుంచి వచ్చింది, ఒకటి చమురుబావి నుంచి. తడి పోకుండా, క్రిమి రాకుండా తన చర్మాన్ని ఏది కాపాడుతోందో ఆ పసిబిడ్డకి తెలీదు, అవసరం లేదు.

ఇక ఇంకో వైపు. 2013లో ఇంగ్లండులో 19 మంది పెద్దవాళ్ళ ముంజేతుల మీద ఒక చిన్న ప్రయోగం చేశారు. రోజుకి రెండుసార్లు కొన్ని చుక్కల ఆలివ్ నూనె, నాలుగైదు వారాల పాటు. చర్మం పైపొర పటుత్వం తగ్గింది, కొద్దిగా ఎరుపెక్కింది. పొద్దుతిరుగుడు నూనె రాసిన చోట అలా జరగలేదు. రెండూ మొక్కల నూనెలే. తేడా కొవ్వు ఆమ్లాల్లో ఉంది. ఆలివ్ నూనెలో ఎక్కువ భాగం ఒలీక్ ఆమ్లం, మామూలు పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం లినోలీక్ ఆమ్లం. మన నువ్వుల నూనెలో ఈ రెండూ ఇంచుమించు సమానం. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. పైగా, చుండ్రుకి కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్ చాలా నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు తినే బతుకుతుంది. కాబట్టి ఏ నూనె, ఎవరి చర్మం, ఏ వయసు, ఎంతసేపు అన్న ప్రశ్నలు లేకుండా "నూనె మంచిది" అన్న వాక్యం పూర్తి కాదు. ఆ ప్రశ్నలు వెయ్యాల్సిన అవసరం లేకుండా చేసే మాటే నేచురల్.

ఇంతవరకూ ఇది తర్కం. తర్కం మాత్రమే అయితే ఇంత రాయక్కర్లేదు. మా ఇంట్లో జరిగిన ఒక చిన్న విషయం చెప్తాను.

మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మొటిమలు ఎక్కువయ్యాయి. స్కిన్ డాక్టరు ఒక జెల్ రాసిచ్చారు. మొదటి కొన్ని వారాలు చర్మం పొడిబారుతుందనీ, ఎర్రబడుతుందనీ, ఫలితం కనపడ్డానికి రెండు మూడు నెలలు పడుతుందనీ ముందే చెప్పారు. రెండు వారాలకి చెప్పినట్టే ఎర్రబడింది, పొట్టు లేచింది. మా అమ్మ చూసి భయపడింది. "ఆ కెమికల్స్ పిల్ల మొహాన్ని కాల్చేస్తున్నాయే" అని జెల్ మాన్పించింది. రాత్రిపూట కొబ్బరి నూనె రాయడం మొదలుపెట్టింది. తర్వాత మా అక్క ఆన్‌లైన్‌లో ఏవో అయిదారు నూనెలు కలిపిన సీసా తెప్పించింది. రెండు నెలలు రాశారు. మొటిమలు తగ్గలేదు, నుదుటి మీద కొత్తవి వచ్చాయి.

అప్పుడు మొదలయ్యాయి కారణాలు. రాత్రి పన్నెండింటి దాకా ఫోన్ చూస్తుంది. నీళ్ళు తాగదు. చిప్స్ మానదు. ఒంట్లో వేడి. పరీక్షలని టెన్షన్ పడుతుంది. నూనె అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే, లోపలి విషాలు బయటికొస్తున్నాయి, నమ్మకంతో వాడండి అని జవాబొచ్చింది. వీటిలో కొన్నిటికి నిజంగానే మొటిమలతో సంబంధం ఉండొచ్చు. కానీ సీసా మూత తీసేటప్పుడు ఎవరూ వీటి సంగతి అడగలేదు. అప్పుడు "ఏం కాదు" ఒక్కటే. నేను వెళ్ళినప్పుడు ఆ పిల్ల నాతో అన్నది ఒకటే మాట: "అందరికీ పనిచేస్తుందట మావయ్యా, నాకే పనిచెయ్యలేదు."

నాకే అన్న ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. జెల్ రెండు వారాల్లో ఇబ్బంది పెడితే తప్పు జెల్‌ది. నూనె రెండు నెలలు ఇబ్బంది పెడితే తప్పు పిల్లది. మందు విఫలమైతే మందు బాగాలేదంటాం. సహజమైనది విఫలమైతే వాడిన మనిషి బాగాలేదంటాం, ఆమె తిండి, నిద్ర, మనసు, ఒళ్ళు. ఇంట్లో ఎవరికీ ఆ పిల్లని నిందించాలన్న ఉద్దేశం లేదు. అందరూ ప్రేమతోనే మాట్లాడారు. నింద వాళ్ళ నోటి నుంచి రాలేదు, వాళ్ళు వాడిన మాట ఆకారం నుంచి వచ్చింది. ప్రకృతి తప్పు చెయ్యదు అని ముందే ఒప్పేసుకున్నాక, తప్పు చేసినవాళ్ళ కోసం వెతికితే మిగిలేది ఒక్కరే కదా.

ఏ అనుభవం ఎదురైనా తప్పని తేలే అవకాశం లేని సిద్ధాంతం శాస్త్రం కాదని కార్ల్ పాపర్ 1934లోనే వాదించాడు. ఆయన చూపు సిద్ధాంతాల మీద. అదే లోపం ఇంట్లోకి వస్తే అది తర్కదోషంగా మాత్రమే ఉండదు. ఓడిపోయే అవకాశం లేని సలహా, ఓటమిని సలహా తీసుకున్నవాళ్ళ మీదికి తోస్తుంది. పదహారేళ్ళ పిల్ల అద్దంలో తన మొహాన్ని చూసుకుని "నేనే సరిగ్గా లేను" అనుకుంటే, ఆ అనుకోవడంలో మన మాటకి వాటా ఉంది. అందుకే నేను దీన్ని నీతికి సంబంధించిన ప్రశ్న అంటున్నాను.

మా అమ్మ భయాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యలేను. కెమికల్ అన్న మాట మీద జనానికున్న అనుమానానికి చరిత్ర ఉంది. మన దేశంలో స్టెరాయిడ్ కలిసిన క్రీములు మందుల షాపుల్లో చీటీ లేకుండా ఏళ్ళ తరబడి దొరికాయి. తెల్లబడతారని వాడినవాళ్ళ మొహాలు పల్చబడి, ఎర్రబడి, ఆపితే ఇంకా మంటపుట్టి, ఒక పెద్ద ఉపద్రవమే అయింది. డాక్టర్లు చాలాకాలం మొత్తుకున్నాక 2018లో గానీ ప్రభుత్వం అలాంటి 14 రకాలని చీటీ తప్పనిసరి చేసిన జాబితాలోకి తేలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, ఏ పదార్థం చర్మరంధ్రాలని మూసేస్తుందో కుందేలు చెవుల మీద పరీక్షించే పద్ధతికి పేరు తెచ్చిన ఆల్బర్ట్ క్లిగ్‌మన్ కథ ఉంది. ఈ నూనెకి సున్నా, ఈ నూనెకి నాలుగు అంటూ ఇప్పుడు అందరూ పంచుకునే జాబితాల మూలం ఆ కుందేలు చెవులే. మనిషి చర్మం కన్నా అవి సున్నితం కాబట్టి ఆ అంకెలు మనకి సరిగ్గా వర్తించవు కూడా. ఆ క్లిగ్‌మనే 1951 నుంచి 1974 దాకా ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల చర్మం మీద ప్రయోగాలు చేశాడు. మొటిమలకి వాడే ట్రెటినాయిన్ ఆయన పేరుతో ముడిపడిన మందు. ఆ ఖైదీల్లో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్య విభాగం క్షమాపణ చెప్పింది 2021లో. ఇదంతా తెలిసినవాళ్ళు ప్రయోగశాల అంటే మొహం చిట్లిస్తే నేనేమీ అనలేను.

కానీ ఈ కథలన్నిట్లోనూ భయపెట్టేది ఏది? స్టెరాయిడ్ ఒక అణువు. సరైన రోగికి, సరైన మోతాదులో అది దివ్యమైన మందు. భయపెట్టేది దాన్ని ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా అమ్మడం. ఖైదీల విషయంలోనూ అంతే, జవాబు అడగలేని మనుషుల మీద ప్రయోగం చెయ్యడం. మనం కోపం తెచ్చుకోవాల్సింది జవాబుదారీ లేకపోవడం మీద. ఆ కోపాన్ని కెమికల్ అన్న మాట మీదికి మళ్ళించుకుని, అదే జవాబుదారీ లేని ఇంకో సీసా దగ్గరికి వెళ్ళాం. ఆ సీసా మీద ఆకు బొమ్మ ఉంది, అంతే తేడా.

మా అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో గానుగ ఉండేదట. నువ్వులు ఇంటివే. గానుగ తిప్పే మనిషి తెలిసినవాడే. నూనె కారు వాసన వస్తే మర్నాడు వెళ్ళి అతన్ని నిలదీయొచ్చు. ఆ నమ్మకం నూనె మీద అనుకుంటాం గానీ, నిజానికి అది మనుషుల మధ్య ఉన్న నమ్మకం. గానుగ పోయింది, ఆ మనిషి పోయాడు, నమ్మకం మాత్రం మిగిలింది. నిలబడ్డానికి చోటు లేని ఆ నమ్మకాన్ని నేచురల్ అన్న మాట వచ్చి ఎత్తుకుంది. 1998లో ఢిల్లీలో ఆవనూనె వాడి అరవైమందికి పైగా చనిపోయారు. అందులో కలిసింది ఏ ఫ్యాక్టరీ విషమూ కాదు, బలురక్కసి గింజల నూనె. పొలం గట్ల మీద పచ్చపూలు పూసే ముళ్ళమొక్క. శుద్ధంగా సహజం. అక్కడ లేనిది కల్తీని పట్టుకునే కన్ను.

గానుగతో పాటు ఇంకోటి కూడా జారిపోయింది. పాత తలంటులో నూనె ఒక భాగమే. ఒళ్ళంతా పట్టించి, కాసేపు నానిచ్చి, సున్నిపిండితో రుద్ది, వేడినీళ్ళతో కడిగేసేవాళ్ళు. పెట్టడం ఎంత ముఖ్యమో తియ్యడం అంత ముఖ్యం. పండక్కో వారానికో ఒకసారి. ఇప్పుడు సంప్రదాయం పేరుతో అమ్మేది అందులోంచి పెరికిన ఒక్క ముక్క: రాత్రి మొహానికి నాలుగు చుక్కలు రాసి పడుకోండి, రోజూ. పెట్టడం మిగిలింది, తియ్యడం పోయింది. సీసాలో సున్నిపిండిని అమ్మలేరు గదా. సంప్రదాయాన్ని గౌరవిస్తున్నామని అనుకునేవాళ్ళు కూడా గమనించాల్సిన తేడా ఇది.

ఇంకా ఇబ్బందికరమైన సంగతి ఒకటుంది. కుంకుమపువ్వు, మేకపాలు, ఇంకా ఎన్నో మూలికలతో నువ్వుల నూనెలో కాచే కుంకుమాది తైలం ఆయుర్వేదంలో ప్రసిద్ధం. ఇవాళ దాన్ని ఎందుకు కొంటున్నారని అడిగితే చాలా ఇళ్ళల్లో వచ్చే జవాబు: రంగు వస్తుందని. పసిపిల్లలకి నూనె రాసి నలుగు పెట్టేటప్పుడూ అదే ఆశ, పిల్ల కాస్త రంగు తేలుతుందేమోనని. దేశంలో అన్నిటికన్నా పేరున్న తెల్లబరిచే క్రీము 2020లో తన పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేసి గ్లో అని పెట్టుకుంది. నూనెల సీసాలు ఆ గ్లోనే ఇంకాస్త మర్యాదగా అమ్ముతున్నాయి. నూనె సహజమైనదై ఉండాలంటాం. దాన్ని రాయించుకునే మొహం సహజమైన రంగు మాత్రం మనకి నచ్చదు. ఆ పిల్లతో పాటు పుట్టిన చామనఛాయ కన్నా సహజమైనది ఇంకేముంది? సహజం అన్నది మనకి నిజంగా విలువే అయితే మొదట గౌరవించాల్సింది దాన్ని.

సహజం అంటే కనీసం పక్క జీవులకి హాని చెయ్యనిది అన్న నమ్మకం కూడా ఉంది. అదీ అంత తేలిగ్గా నిలబడదు. సీబంలో ఉండే స్క్వాలీన్‌ని సౌందర్య సాధనాల వాళ్ళు చాలాకాలం లోతు సముద్రపు సొరచేపల కాలేయం నుంచి తీశారు. పరమ సహజం. ఇప్పుడు ఆలివ్ నుంచి తీస్తున్నారు. ఇంకో దారి, జన్యువులు మార్చిన ఈస్ట్‌కి చెరుకు చక్కెర తినిపించి, అది ఇచ్చే పదార్థాన్ని రసాయన చర్యలతో స్క్వాలేన్‌గా మార్చడం. ఇది చాలామందికి అసహజంగా వినిపిస్తుంది, సొరచేపకి మాత్రం ప్రాణదానం. జొజోబాది మరో తమాషా. నిజానికి అది నూనె కాదు, ద్రవరూపంలో ఉన్న మైనం, మన సీబంలోని మైనాలకి దగ్గర చుట్టం. 1970ల మొదట్లో అమెరికా స్పెర్మ్ తిమింగలం నూనె దిగుమతిని నిషేధించాక దానికి బదులుగా సొనోరన్ ఎడారిలో పెరిగే ఈ పొద గింజ మీద దృష్టి పడింది. ఆ మార్పులో మంచి ఉంది, కానీ తిమింగలం జొజోబా కన్నా తక్కువ సహజం కావడం వల్ల వచ్చిన మంచి కాదది. మొరాకో ఆర్గాన్ నూనెకి గిరాకీ పెరిగాక కొన్ని పల్లె కుటుంబాల ఆదాయం పెరిగింది, ఆడపిల్లల చదువుకి మేలు జరిగింది, కానీ ఆ అడవికి మేలు జరగకపోగా ఒత్తిడి పెరిగిందని 2011లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఎవరికి మేలు, ఎవరికి కీడు అని ప్రతిసారీ విడిగా అడగాల్సిందే. ఒక్క మాటతో తేలదు.

మరి ఇంట్లో సలహాలే ఇవ్వకూడదా? ఇవ్వకుండా ఎవరమూ ఉండలేం, ఉండనక్కర్లేదు. పిల్ల మొహం చూసి అమ్మమ్మ చెయ్యి నూనె గిన్నె వైపు వెళ్ళడంలో ఉన్న ప్రేమని ఏ డాక్టరు చీటీ భర్తీ చెయ్యదు. రెండు నిమిషాల్లో మొహం కూడా పూర్తిగా చూడకుండా రాసిచ్చే చీటీ కన్నా, పక్కన కూర్చుని బుగ్గ నిమిరే చెయ్యి ఆ పిల్లకి ఎక్కువ ఇస్తుంది కూడా. నేను అడిగేది చిన్నది. సలహాకి ఓడిపోయే దారి ఒకటి ఉంచాలి. మా సాఫ్ట్‌వేర్ పనిలో కొత్త మార్పు ఏదైనా పెట్టేటప్పుడు, పనిచెయ్యకపోతే ఎలా తెలుస్తుంది, తెలిస్తే వెనక్కి ఎలా తీసుకోవాలి అన్నది ముందే రాసిపెట్టుకుంటాం. మా మీద మాకు నమ్మకం లేక కాదు. తర్వాత ఒకరి మీద ఒకరు వేలు చూపించుకోకుండా ఉండడానికి.

మొహానికి నూనె విషయంలో అది ఇలా ఉంటుంది. ముందు చెవి వెనకో ముంజేతి మీదో రాసి రెండ్రోజులు చూడు. మొటిమలున్న చోట రాత్రంతా ఉంచకు. డాక్టరు ఇచ్చిన మందు ఏదైనా వాడుతుంటే దాన్ని మానకు, ఇబ్బందిగా ఉంటే ఆ డాక్టర్నే అడుగు. మూడు వారాల్లో పడకపోతే ఆపేద్దాం. ఇవన్నీ ఎవరైనా చెప్పగలరు, చాలామంది చెప్తారు కూడా. ఎవరూ చెప్పని వాక్యం ఇంకొకటుంది. "ఆపేస్తే తప్పు నీది కాదు, ఈ నూనె నీకు పడలేదు, అంతే."

ఈ చివరి వాక్యం చెప్పాలంటే "నేచురల్ కదా, ఏం కాదు" అన్న మాటని వదులుకోవాలి. రెండూ ఒకే నోట్లో ఇమడవు. ఏం కాదు అని హామీ ఇచ్చినవాళ్ళు, ఏదైనా అయినప్పుడు ఆ హామీ తమదే అని ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉండాలి. ప్రకృతిని జామీనుగా నిలబెట్టి మనం పక్కకి తప్పుకోవడం కుదరదు. ప్రకృతి ఎవరికీ పూచీకత్తు ఇవ్వలేదు.

మా మేనకోడలు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మొటిమలు తగ్గడం, మళ్ళీ రావడం ఇంకా నడుస్తూనే ఉంది, ఆ వయసుకి అది మామూలే. మా అమ్మ ఇప్పటికీ ఆదివారాలు దాని తలకి కొబ్బరి నూనె పెడుతుంది. తలకి మాత్రమే. మధ్యలో నుదుటి మీదికి కారిన చుక్కని చీర కొంగుతో తుడిచేస్తుంది.